వ్యసన చికిత్సా కేంద్రంలో చేరే ముందు: లోపల ఏం జరుగుతుంది, దేనికి సిద్ధపడాలి

మద్యం గానీ మాదకద్రవ్యాలు గానీ మానడానికి కొన్నాళ్లు కేంద్రంలోనే ఉండి చికిత్స తీసుకోవాలని నిర్ణయించుకున్నవారూ, వారి కుటుంబ సభ్యులూ సాధారణంగా మొట్టమొదట అడిగే ప్రశ్న, ఎన్నాళ్లు ఉండాలి అన్నది. అది సహజమైన ప్రశ్నే గానీ, దానికన్నా ముందు అడగవలసింది ఇంకొకటి ఉంది. డిశ్చార్జి అయిన మర్నాటి నుంచి ఎవరు చూస్తారు, ఏ మందులు కొనసాగుతాయి, మళ్లీ తాగాలన్న తహతహ పుట్టిన రాత్రి ఎవరికి ఫోన్ చేయాలి అన్నదే ఆ ప్రశ్న. ఒంట్లోంచి మత్తు దిగిపోవడానికి చాలామందికి కొద్ది రోజులు, మహా అయితే కొన్ని వారాలు పడుతుంది. అసలు పని ఆ తరువాతే మొదలవుతుంది కాబట్టి, కేంద్రంలో గడిపే ప్రతి రోజూ బయటి రోజులకు సిద్ధం చేసేదిగా ఉండాలి. ఈ వ్యాసం ఆ దృష్టితోనే రాస్తున్నాను. చేరబోయే వ్యక్తిని ఉద్దేశించి రాసినప్పటికీ, ఇంట్లోవారు తెలుసుకోవలసిన సంగతులు కూడా ఇందులో ఉన్నాయి.

ఎవరికి అవసరం, ఎవరికి కాదు

వ్యసనం ఉన్న ప్రతి ఒక్కరూ కేంద్రంలో చేరవలసిన అవసరం లేదు. ఇంటి దగ్గరే ఉంటూ, క్రమం తప్పకుండా డాక్టరునూ కౌన్సెలర్‌నూ కలుస్తూ బాగుపడేవారు చాలామంది ఉన్నారు. అలా ప్రయత్నించినా ఫలితం కనబడనివారికి, మానిన ప్రతిసారీ ఒంట్లో తీవ్రమైన బాధలు మొదలయ్యేవారికి, వ్యసనంతో పాటు డిప్రెషన్ వంటి మానసిక వ్యాధి ఉన్నవారికి, ఇంట్లోనో చుట్టుపక్కలో మత్తు పదార్థం ఎప్పుడూ చేతికి అందే పరిస్థితిలో ఉన్నవారికి కేంద్రంలో ఉండి తీసుకునే చికిత్స మేలు చేస్తుంది. మానేటప్పుడు గతంలో ఫిట్స్ వచ్చినవారు, మతి తప్పి ప్రవర్తించినవారు, గుండె లేదా కాలేయ వ్యాధి ముదిరినవారు మాత్రం ముందుగా ఆసుపత్రిలో చేరి, ప్రమాదకరమైన రోజులు దాటాక కేంద్రానికి రావడం మంచిది.

ఇక్కడే ఒక హెచ్చరిక చెప్పాలి. చేరే తేదీ ఖరారయిందన్న ఉత్సాహంలో, రోజూ ఎక్కువగా తాగే వ్యక్తి రెండు మూడు రోజుల ముందే తనంతట తాను ఒక్కసారిగా మానేయడం ప్రమాదకరం. చాలాకాలంగా నిద్రమాత్రలు వాడుతున్నవారికి కూడా ఇదే వర్తిస్తుంది. ఈ రెండింటినీ హఠాత్తుగా ఆపితే ఫిట్స్ రావచ్చు, ప్రాణాలకే ముప్పు రావచ్చు. చేరేదాకా ఏం చేయాలో డాక్టరును అడిగి, ఆయన చెప్పినట్లే చేయండి.

కేంద్రాన్ని ఎంచుకునేటప్పుడు

గదులు ఎలా ఉన్నాయి, తోట ఉందా అన్నవాటికన్నా ముందు, రాత్రి రెండు గంటలకు ఎవరికైనా ఫిట్స్ వస్తే ఏం చేస్తారని అడగండి. డాక్టరు అక్కడే ఉంటారా, పిలిస్తే వస్తారా, నర్సులు రాత్రి డ్యూటీలో ఉంటారా, అత్యవసరమైతే ఏ ఆసుపత్రికి తీసుకువెళతారు అన్న ప్రశ్నలకు తడుముకోకుండా సమాధానం రావాలి. కేంద్రానికి ప్రభుత్వ గుర్తింపు ఉన్నదో లేదో కాగితం చూపించమనండి. చికిత్సలో ఏ మందులు వాడతారు, కౌన్సెలర్ల అర్హతలేమిటి, ఒక్కరితో విడిగా మాట్లాడే సమయం వారానికి ఎంత ఉంటుంది, కుటుంబాన్ని ఎప్పుడు కలవనిస్తారు, మధ్యలో వెళ్లిపోవాలనుకుంటే పద్ధతి ఏమిటి, ఫిర్యాదు ఉంటే ఎవరికి చెప్పుకోవాలి, అన్నీ అడిగి తెలుసుకోండి. చివరగా మొదట చెప్పిన ప్రశ్న అడగండి: డిశ్చార్జి తరువాత ఏం చేస్తారు? దీనికి వివరంగా జవాబు చెప్పలేని కేంద్రం మిగతా విషయాల్లో ఎంత బాగున్నా నేనైతే ఇంకోచోటు వెతకమనే చెబుతాను.

నూటికి నూరుపాళ్లు నయం చేస్తామని హామీ ఇచ్చే చోటికి వెళ్లకండి. వ్యసనం మళ్లీ తిరగబెట్టే స్వభావమున్న వ్యాధి. ఆ సంగతి తెలిసిన వైద్యులెవరూ అలాంటి హామీ ఇవ్వరు. రోగికి తెలియకుండా అన్నంలోనో నీళ్లలోనో కలిపి ఇస్తే చాలునని చెప్పే పొడులనూ చుక్కలనూ అసలే నమ్మవద్దు. వాటిలో డైసల్ఫిరామ్ వంటి మందు ఉంటే, ఆ సంగతి తెలియక మద్యం తాగిన మనిషికి బీపీ పడిపోయి, గుండెదడ, వాంతులతో ప్రాణం మీదికి రావచ్చు.

కొట్టడం, కట్టేయడం, ఆకలితో ఉంచడం, అందరి ముందూ అవమానించడం చికిత్స కాదు. క్రమశిక్షణ పేరుతో ఇవి జరిగే చోట్లు ఉన్నాయి కాబట్టే ఇంత సూటిగా రాయవలసి వస్తోంది. మాదకద్రవ్యాలు వాడేవారిని నిర్బంధించి ఉంచే కేంద్రాలను మూసివేయాలని 2012లో ఐక్యరాజ్యసమితికి చెందిన పన్నెండు సంస్థలు కలిసి ప్రభుత్వాలను కోరాయి. చికిత్స వ్యక్తి సమ్మతితో, అతని గౌరవానికి భంగం కలగకుండా జరగాలన్నది వైద్యరంగం అంగీకరించిన సూత్రం. అక్కడ ఉంటున్నవారితో కాసేపు ఏకాంతంగా మాట్లాడనివ్వమని అడగండి. దానికి ఒప్పుకోని చోట ఎందుకు ఒప్పుకోవడం లేదో ఆలోచించుకోవాలి.

చేరే రోజు

వదులుగా ఉండే దుస్తులు, కళ్లద్దాలు, పాత వైద్య పరీక్షల కాగితాలు, ప్రస్తుతం వాడుతున్న మందులు వాటి చీటీలతో సహా తీసుకువెళ్లండి. మందులను సిబ్బంది తమ దగ్గర ఉంచుకుని వేళకు ఇస్తారు. సామాను విప్పి చూస్తారు; బట్టల మడతలు, చెప్పుల అడుగులు, సబ్బుపెట్టె కూడా తెరుస్తారు. ఆల్కహాల్ ఉండే సెంట్లు, నోరు పుక్కిలించే ద్రవాలు పక్కన పెట్టేస్తారు. ఫోన్ చాలాచోట్ల మొదటి కొద్దిరోజులు ఇవ్వరు, లేదా రోజుకు కొంతసేపే ఇస్తారు. ఇది మిమ్మల్ని అనుమానించడం కాదు. అదే భవనంలో, మానిన మూడో రోజున నానా అవస్థ పడుతున్న ఇంకొకరు ఉంటారు. ఆ తనిఖీ వారి రక్షణ కోసం కూడా.

తరువాత జరిగే సంభాషణ చాలా ముఖ్యమైనది. ఏమి వాడుతున్నారు, ఎంత, ఎన్నేళ్లుగా, ఏ మార్గంలో, చివరిసారి ఏ రోజు ఎన్ని గంటలకు అని అడుగుతారు. సిగ్గుతో తగ్గించి చెప్పడం ఇక్కడ చేటు చేస్తుంది, ఎందుకంటే మొదటి మూడు నాలుగు రోజుల మందుల మోతాదు మీరు చెప్పిన లెక్క మీదే ఆధారపడుతుంది. ముఖ్యంగా మద్యంతో పాటు నిద్రమాత్రలు కూడా వాడుతున్న సంగతి దాచిపెడితే, మద్యం బాధలు తగ్గాయనుకున్న తరువాత ఎవరూ ఊహించని సమయంలో ఫిట్స్ రావచ్చు. గతంలో ఫిట్స్ వచ్చాయా, తలకు దెబ్బలు తగిలాయా, చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నాయా అని కూడా అడుగుతారు. చివరి ప్రశ్న విని కంగారు పడకండి, ఉన్నది ఉన్నట్లు చెప్పండి. స్త్రీలు గర్భవతి అయి ఉండే అవకాశం ఉంటే తప్పక చెప్పాలి. హెరాయిన్ వంటివాటికి అలవాటుపడిన గర్భిణి ఒక్కసారిగా మానేయడం బిడ్డకు ప్రమాదం కనుక, ఆమెకు చికిత్స వేరే పద్ధతిలో ఇస్తారు.

రక్తం, మూత్రం పరీక్షిస్తారు. కాలేయం పనితీరు, చక్కెర, రక్తహీనత, అవసరాన్ని బట్టి హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ, క్షయ పరీక్షలు చేస్తారు, గుండె ఈసీజీ తీస్తారు. సంతకం పెట్టమని ఇచ్చే కాగితాలను చదివి, లేదా చదివించుకుని పెట్టండి. మీ వివరాలు ఎవరెవరికి చెప్పవచ్చో నిర్ణయించుకునే హక్కు మీదే. ఆఫీసు నుంచి ఎవరైనా ఫోన్ చేస్తే ఏమని చెబుతారో ఆ రోజే అడిగి తేల్చుకోండి.

మొదటి వారం

ఈ రోజులను డిటాక్స్ అంటారు. ఏ పదార్థానికి అలవాటుపడ్డారన్నదాన్ని బట్టి అనుభవం పూర్తిగా మారిపోతుంది కాబట్టి, పక్క మంచం మీది వ్యక్తితో పోల్చుకోవడం వల్ల ప్రయోజనం లేదు.

మద్యం విషయంలో చివరిసారి తాగిన 6 నుంచి 24 గంటల లోపు చేతులు వణకడం, చెమటలు, గుండెదడ, వికారం, ఊరికే ఉలిక్కిపడటం మొదలవుతాయి. ఫిట్స్ వచ్చేవారికి అవి ఎక్కువగా మొదటి 48 గంటల్లోనే వస్తాయి. కొందరికి లేని మనుషులు కనిపిస్తారు, ఎవరో పిలిచినట్లు వినిపిస్తుంది. 48 నుంచి 96 గంటల మధ్య కొద్దిమందిలో డెలీరియం ట్రెమెన్స్ అనే స్థితి ఏర్పడుతుంది. అందులో మనిషికి తానెక్కడున్నాడో, పగలో రాత్రో తెలియదు. జ్వరం, బీపీ పెరుగుతాయి. గాలిలోంచి ఏదో పట్టి లాగుతున్నట్లు చేతులు కదుపుతుంటాడు. దీన్ని నిర్లక్ష్యం చేస్తే ప్రాణం పోవచ్చు. వేళకు చికిత్స అందితే దాదాపు అందరూ బయటపడతారు.

అందుకే నర్సు కొన్ని గంటలకొకసారి మంచం దగ్గరికి వస్తారు. రెండు చేతులూ ముందుకు చాపి వేళ్లు విడదీయమంటారు. వణుకు కంటికి కనిపిస్తోందా, లేక మీ వేలికొసలకు తన వేలికొసలు ఆనిస్తే గానీ తెలియనంత సన్నగా ఉందా అని చూస్తారు. నుదుటి మీద చెమట, కడుపులో తిప్పు, తలనొప్పి, వెలుతురు కళ్లలో గుచ్చుకుంటోందా, చర్మం మీద ఏదైనా పాకినట్లుందా, ఇవాళ తేదీ ఎంత అని ఒక్కొక్కటే అడిగి పది అంశాలకు అంకెలు వేస్తారు. వాటన్నిటి మొత్తం 67కు ఎంత వచ్చిందన్నదాన్ని బట్టి డయాజెపామ్, క్లోర్‌డయాజెపాక్సైడ్ వంటి మందు ఎంత ఇవ్వాలో నిర్ణయిస్తారు. కాలేయం బాగా దెబ్బతిన్నవారికి లొరాజెపామ్ వంటి మందును ఎంచుకుంటారు. ఈ మందులను కొద్దిరోజుల్లోనే క్రమంగా తగ్గించి ఆపేస్తారు. ఇంటికి వెళ్లేటప్పుడు వాటి చీటీ ఇవ్వకపోవడమే సరైన పద్ధతి, ఎందుకంటే అవి కూడా అలవాటయ్యే మందులే.

వీటితో పాటు బి1 విటమిన్, అంటే థయమిన్, ఇంజెక్షన్ రూపంలో ఇస్తారు. చాలాకాలం తాగినవారి ఒంట్లో ఇది బాగా తగ్గిపోయి ఉంటుంది. దీని లోపం వల్ల నడక తూలడం, కళ్లు సరిగా కదలకపోవడం, అయోమయం కలిగే వెర్నికీ వ్యాధి వస్తుంది; దాన్ని వదిలేస్తే కొత్త విషయాలేవీ గుర్తుండని శాశ్వత మతిమరుపుగా మారవచ్చు. ఇంత పెద్ద నష్టాన్ని ఇంత మామూలు విటమిన్ ఆపగలదు కాబట్టి, ఇంట్లోవారు థయమిన్ ఇస్తున్నారా అని ఒకసారి అడిగితే తప్పులేదు.

హెరాయిన్, నల్లమందు, కొన్ని రకాల నొప్పి మాత్రలు ఓపియాయిడ్ల కిందికి వస్తాయి. హెరాయిన్ వంటివి ఆపిన ఒక రోజు లోపే ఆవులింతలు, కళ్ల వెంట ముక్కు వెంట నీరు, వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం, కాళ్లు పీకడం, కడుపునొప్పి, విరేచనాలు, క్షణం కూడా కునుకు పట్టని రాత్రులు మొదలవుతాయి. రెండు మూడు రోజులకు బాధ పతాక స్థాయికి చేరి, వారం పది రోజుల్లో తగ్గుతుంది. మెథడోన్ వంటి దీర్ఘకాలం పనిచేసే పదార్థాలకైతే ఆలస్యంగా మొదలై ఎక్కువ రోజులు సాగుతుంది. భరించడం చాలా కష్టమే గానీ, ఒంట్లో నీరు తగ్గిపోకుండా చూసుకుంటే సాధారణంగా ప్రాణాపాయం ఉండదు. బ్యూప్రెనార్ఫిన్ అనే మందు ఇస్తే ఉపశమనం త్వరగా కలుగుతుంది. కాకపోతే మొదటి మోతాదును బాధలు స్పష్టంగా కనబడిన తరువాతే ఇవ్వాలి. తొందరపడి ముందే ఇస్తే బాధలు ఒక్కసారిగా విరుచుకుపడతాయి. నాకు ఇప్పుడే ఇవ్వండి అని మీరు అడిగినా నర్సు ఆగమనడానికి కారణం ఇదే.

నిద్రమాత్రలను వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గిస్తారు. కొకైన్, మెథాంఫెటమైన్ వంటి ఉత్తేజకాలు మానినవారు మొదట రోజుల తరబడి నిద్రపోతారు, విపరీతంగా ఆకలి వేస్తుంది, తరువాత మనసు బాగా కుంగిపోతుంది. ఆ రోజుల్లో ఆత్మహత్య ఆలోచనలు వస్తాయేమోనని సిబ్బంది కనిపెట్టుకుని ఉండాలి. గంజాయి మానినవారికి చిరాకు, ఆకలి మందగించడం, నిద్రలేమి, నిద్ర పట్టినా కలతపెట్టే కలలు మొదటి వారంలో ఎక్కువగా ఉండి, రెండు మూడు వారాల్లో తగ్గుతాయి.

వీరందరికీ ఒక విషయం సమానం. నిద్ర మిగతా అన్నిటికన్నా ఆలస్యంగా కుదుటపడుతుంది. కొన్ని వారాలు, కొందరికి కొన్ని నెలలు కూడా పడుతుంది. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే, ఇరవయ్యో రోజున పైకప్పు చూస్తూ పడుకున్నప్పుడు చికిత్స పనిచేయడం లేదేమోనన్న నిరాశ కలగదు.

ఒళ్లు తేలికపడిన తరువాత

రెండో వారం నుంచి దినచర్య మొదలవుతుంది. నిర్ణీత వేళకు నిద్ర లేవడం, వ్యాయామం, ఉదయం గ్రూప్ సమావేశం, మధ్యాహ్నం కౌన్సెలర్‌తో విడిగా మాటలు, సాయంత్రం ఆటలో చదువో, రాత్రి వేళకు దీపాలు ఆర్పడం. ఊడ్చడం, పాత్రలు కడగడం వంటి పనులు వంతులవారీగా చేయాలి. బాధ్యతలు పంచుకుంటూ ఆరు నెలలు, ఏడాది కలిసి జీవించే థెరప్యూటిక్ కమ్యూనిటీలలో ఈ పనులే చికిత్సలో ప్రధాన భాగం. చాలామందికి ఈ దినచర్య విసుగు పుట్టిస్తుంది. మత్తు లేకుండా ఒక సాదా మధ్యాహ్నాన్ని విసుగుతోనే దాటడం కూడా నేర్చుకోవలసిన విషయమేనని నేననుకుంటాను, ఎందుకంటే బయట అలాంటి మధ్యాహ్నాలు చాలా వస్తాయి.

గ్రూప్‌లో పదిమంది ముందు మాట్లాడాలంటే భయం సహజం. మొదటి రోజుల్లో ఊరికే వింటూ కూర్చున్నా ఎవరూ తప్పుపట్టరు. అక్కడ ఏం జరుగుతుందో తెలియడానికి ఒక నమూనా చెబుతాను. ఇంట్లో గొడవ జరిగింది, అందుకే తాగాను అని ఒకరు చెప్పారనుకోండి. కౌన్సెలర్ ఆ గొడవ గురించి అడగరు. అంతకు ముందు గంటలో ఏం చేశారు, ఆ ముందు గంటలో ఏం చేశారు అని వెనక్కి వెనక్కి వెళతారు. ఆ రోజు మధ్యాహ్నం భోజనం చేయలేదని, నాలుగు గంటలకు పాత స్నేహితుడి ఫోన్ ఎత్తారని, రోజూ వచ్చే దారిలో కాకుండా మద్యం దుకాణం ఉన్న దారిలో ఇంటికి వచ్చారని, పొద్దున బయల్దేరేటప్పుడే జేబులో అవసరానికి మించి డబ్బు పెట్టుకున్నారని ఒక్కొక్కటే బయటపడతాయి. గొడవ జరిగేసరికి నిర్ణయం సగానికి పైగా జరిగిపోయి ఉంది. ఆ గొలుసులో తెంచడానికి తేలికైన లింకు ఏదో ఆ వ్యక్తే వెతికి చెప్పాలి. రాత్రి గొడవను ఆపడం కన్నా మధ్యాహ్నం ఫోన్ ఎత్తకపోవడం చాలా సులువు. కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ అన్న పెద్ద పేరు వెనక ఉన్న పనిలో చాలాభాగం ఇలాగే ఉంటుంది.

తహతహను దాటడం కూడా ఇక్కడే సాధన చేయిస్తారు. అది పుట్టగానే దానితో పోట్లాడకుండా, ఒంట్లో ఎక్కడ ఎలా ఉందో గమనిస్తూ గడియారం చూడమంటారు. లొంగిపోకపోతే అది చాలాసార్లు అరగంట లోపే దానంతట అది తగ్గుముఖం పడుతుంది. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట, ఈ నాలుగింటిలో ఏదైనా ఉన్నప్పుడు అది ఎక్కువగా పుడుతుంది కాబట్టి, మొదట వాటి సంగతి చూడమంటారు. ఇద్దరిద్దరిగా కూర్చోబెట్టి, ఒకరు బలవంతపెట్టగా ఇంకొకరు కాదనడం కూడా చేయిస్తారు. వద్దు, నేను మానేశాను అన్న జవాబు చాలు. ఒంట్లో బాగాలేదు, రేపు పనుంది అని కారణాలు చెబితే ఎదుటివారికి బేరమాడే సందు దొరుకుతుంది.

కొన్ని కేంద్రాలు, మద్యం మానాలనుకునేవారు ఒకరికొకరు తోడ్పడే ఆల్కహాలిక్స్ అనానిమస్ బృందం పన్నెండు మెట్ల పద్ధతిని అనుసరిస్తాయి. 1935లో అమెరికాలో మొదలైన ఈ బృందం సమావేశాలు ఇప్పుడు చాలా దేశాల్లో జరుగుతున్నాయి, రుసుము ఉండదు. మాదకద్రవ్యాలు వాడినవారికి నార్కోటిక్స్ అనానిమస్, కుటుంబ సభ్యులకు అల్-అనాన్ ఉన్నాయి. దైవభావన ప్రస్తావన వల్ల ఈ పద్ధతి కొందరికి నచ్చదు. అలాంటివారు వేరే పద్ధతిలో నడిచే కేంద్రాన్ని ఎంచుకోవచ్చు. ఏ పద్ధతైనా, బయటికి వెళ్లాక కూడా కొనసాగించగలిగేదై ఉండాలి.

ఎన్నాళ్లు అన్న ప్రశ్నకు ఇప్పుడు వద్దాం. బాగా ప్రచారంలో ఉన్న 28 రోజుల లెక్క అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో 1950ల్లో రూపుదిద్దుకున్న పద్ధతి నుంచి వ్యాపించింది. అదేమీ శరీరధర్మం నిర్ణయించిన గడువు కాదు. మూడు నెలలకు తగ్గకుండా చికిత్సలో ఉన్నవారికి ఫలితాలు మెరుగ్గా ఉంటాయని పరిశోధనలు చెబుతున్నాయి. ఆ మూడు నెలలూ కేంద్రంలోనే గడపనక్కరలేదు. నెల రోజులు లోపల, మిగతాది ఇంటి నుంచి వచ్చిపోతూ అయినా సరే, తెగిపోకుండా సాగడమే ముఖ్యం.

మందుల గురించి

ఒక మత్తు బదులు ఇంకో మత్తు ఎందుకు అన్న మాట చాలామంది నోట వినిపిస్తుంది. ఈ అపోహ ఖరీదు ప్రాణాలు కావచ్చు కాబట్టి కాస్త ఆగి చెప్పాలి. ఓపియాయిడ్ వ్యసనం ఉన్నవారికి బ్యూప్రెనార్ఫిన్ లేదా మెథడోన్‌ను నెలలు, ఏళ్లు కొనసాగిస్తే ఓవర్‌డోస్ మరణాలు గణనీయంగా తగ్గుతాయి. ఈ రెండింటినీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లోనే అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. సరైన మోతాదులో వేసుకునే వ్యక్తి మత్తులో తూగడు, ఉద్యోగం చేసుకుంటాడు, పిల్లల్ని చూసుకుంటాడు. ఓపియాయిడ్ వ్యసనానికి మందులే వాడబోమని గొప్పగా చెప్పుకునే కేంద్రంలో చేరవద్దని నా గట్టి సలహా.

మద్యానికి నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ ఉన్నాయి. ఇవి కూడా 2023లో ఆ జాబితాలో చేరాయి. మొదటిది తాగినా కలిగే ఆనందాన్ని తగ్గిస్తుంది, రెండోది మానిన తరువాత ఉండే అశాంతిని తగ్గిస్తుంది. కిడ్నీ జబ్బు తీవ్రంగా ఉన్నవారికి అకాంప్రోసేట్ ఇవ్వరు. ఒంట్లో ఓపియాయిడ్ ఉండగా నాల్ట్రెక్సోన్ వేసుకోకూడదు. డైసల్ఫిరామ్‌ను, తాగితే ఏమవుతుందో పూర్తిగా తెలిసి ఒప్పుకున్నవారికే ఇవ్వాలి. మాత్ర ఆపేసిన రెండు వారాల దాకా దాని ప్రభావం ఉండవచ్చు. కొకైన్, గంజాయి వంటివాటికి ఇలా ప్రత్యేకంగా ఆమోదం పొందిన మందులు లేవు. అక్కడ కౌన్సెలింగ్‌దే ప్రధాన పాత్ర.

వెళ్లిపోవాలనిపించే రోజు

ఈ రోజు చాలామందికి వస్తుంది. బాధలు తీవ్రంగా ఉన్నప్పుడు రావడం అందరూ ఊహించేదే. కానీ ఒంటి బాధ తగ్గి, ఆకలి వేసి, మొహంలో కళ వచ్చాక కూడా వస్తుంది. నాకిప్పుడు బాగానే ఉంది, ఇక ఇంటి దగ్గర నేనే చూసుకోగలను అన్న మాట అప్పుడు మనస్ఫూర్తిగానే వస్తుంది. ఆ మాటను వెంటనే అమలు చేయకుండా ఒక రాత్రి ఆగి, మర్నాడు కౌన్సెలర్‌తో మాట్లాడి నిర్ణయించుకుంటానని చేరిన రోజే మీకు మీరు మాట ఇచ్చుకోండి. దాన్ని కాగితం మీద రాసి వారి చేతికి ఇచ్చి ఉంచితే ఇంకా మంచిది.

ఇంట్లోవారికి ఫోన్ వస్తుంది. ఇక్కడ ఉండలేను, తీసుకుపొండి అని ఏడుస్తారు. ఆ గొంతు విని తట్టుకోవడం తల్లిదండ్రులకైనా, జీవిత భాగస్వామికైనా చాలా కష్టం. కోప్పడకండి, బుజ్జగించి అబద్ధపు వాగ్దానాలూ చేయకండి. ఏ విషయం బాధపెడుతోందో పూర్తిగా వినండి. నిద్ర లేదు, విసుగ్గా ఉంది, పక్కవారితో పడటం లేదు అంటే, సిబ్బందికి చెప్పి సర్దుబాటు చేయించి, ఉండమని ప్రోత్సహించండి. కొట్టారనో, కట్టేశారనో, మందులు ఇవ్వడం లేదనో చెబితే మాత్రం అదంతా నాటకమని కొట్టిపారేయకుండా ఆ రోజే స్వయంగా వెళ్లి మనిషిని చూడండి.

కుటుంబంతో కలిపి కూర్చోబెట్టే సమావేశాలకు తప్పకుండా వెళ్లండి. అక్కడ పాత తప్పుల చిట్టా విప్పడం కన్నా, రేపటి నుంచి డబ్బు ఎవరి దగ్గర ఉండాలి, మందులు ఎవరు గుర్తుచేయాలి, ఎలాంటి మాటలు ఇద్దరినీ రెచ్చగొడుతున్నాయి వంటి విషయాలు తేల్చుకోవడం మంచిది. ఏళ్ల తరబడి భయంతో బతికిన భార్యకో, బిడ్డకో కోపం ఒక నెలలో పోదు. నమ్మకం వెంటనే తిరిగి ఇవ్వాలని మానినవారు పట్టుబట్టకూడదు. ఇంట్లోవారు రోజూ నోరు వాసన చూసి పరీక్షించనూ కూడదు.

బయటికి వచ్చిన తరువాత

డిశ్చార్జి రోజు చేతిలో ఉండవలసినవి: వ్యాధి వివరాలతో డిశ్చార్జి కాగితం, మందుల పేర్లు మోతాదులతో సహా, వారం లోపే మొదటి ఫాలో-అప్ తేదీ, రాత్రిపూట కూడా మాట్లాడగల ఒకరి ఫోన్ నంబరు. మీరు రాకముందే ఇంట్లో మద్యం సీసాలు, దాచిన మాత్రలు, వాడిన సామగ్రి అన్నీ తీసేయించండి. ఫోన్‌లోంచి సరఫరా చేసేవారి నంబర్లు తొలగించి, బ్లాక్ చేయండి. మొదటి నెలలో ప్రతి సాయంత్రం ఎక్కడ ఎవరితో గడపాలో ముందే రాసుకోండి. ఖాళీగా వదిలేసిన సాయంత్రమే ఎక్కువ ప్రమాదం. తాగే విందులకు మొదటి కొన్ని నెలలు వెళ్లకపోవడమే మంచిది. తప్పనిసరైతే తోడుగా ఒకరిని తీసుకువెళ్లి, త్వరగా వచ్చేయండి.

ఓపియాయిడ్లు వాడినవారూ, వారి ఇంట్లోవారూ ఈ మాట గుర్తుంచుకోవాలి. కొన్ని వారాలు మానేసరికి శరీరం తన పాత తట్టుకునే శక్తిని కోల్పోతుంది. ఇదివరకు మామూలుగా వాడిన మోతాదే ఇప్పుడు ఊపిరి ఆపేయగలదు. అందువల్ల డిశ్చార్జి తరువాతి మొదటి వారాలు అత్యంత ప్రమాదకరమైనవి. ఓవర్‌డోస్‌ను తిప్పికొట్టే నాలోక్సోన్ అనే మందు ఇంట్లో ఉంచుకోవడం, దాన్ని వాడటం ఇంట్లోవారికి నేర్పించడం గురించి డాక్టరును అడగండి; ఓవర్‌డోస్‌ను కళ్లారా చూసే అవకాశమున్న వారందరికీ ఈ మందు అందుబాటులో ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో సిఫారసు చేసింది. మనిషి పిలిచినా కదిలించినా లేవకపోయినా, ఊపిరి బాగా నెమ్మదించినా, పెదవులు నీలం రంగుకు తిరిగినా వెంటనే అంబులెన్స్‌ను పిలవండి, నాలోక్సోన్ ఉంటే ఇవ్వండి, ఊపిరి ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టి, సాయం వచ్చేదాకా వదిలి వెళ్లకండి.

మళ్లీ ఒకసారి తాగినా, వాడినా ఏం చేయాలన్నది కేంద్రంలో ఉండగానే రాసుకోవలసిన విషయం. రక్తపోటు, ఉబ్బసం వంటి దీర్ఘవ్యాధుల్లో లాగానే ఇందులోనూ మళ్లీ తిరగబెట్టడం తరచుగా జరుగుతుంది. ఆ ఒక్కసారి కన్నా, ఎలాగూ చెడిపోయింది కదా అని దాని వెనకే వచ్చే ఆలోచన ఎక్కువ నష్టం చేస్తుంది. అదే రోజు, వీలైతే అదే గంటలో, ముందే ఎంచుకున్న వ్యక్తికి ఫోన్ చేయండి. ఫాలో-అప్ తేదీ దాకా ఆగకుండా డాక్టరును కలిసి, ఎంత తీసుకున్నారో నిజం చెప్పండి. మందు మార్చవలసి రావచ్చు, మోతాదు పెంచవలసి రావచ్చు, కొద్దిరోజులు మళ్లీ చేరవలసి రావచ్చు. తాగడం చాలా రోజులు సాగిపోయి ఉంటే ఇంట్లో సొంతంగా ఆపవద్దు. ఇలా మళ్లీ మళ్లీ ఆపిన కొద్దీ ఫిట్స్ వచ్చే అవకాశం పెరుగుతుంది కాబట్టి, ఈసారి కూడా వైద్యుల పర్యవేక్షణలోనే ఆపాలి. వెళ్లేటప్పుడు పాత డిశ్చార్జి కాగితం తీసుకువెళ్లండి. పోయినసారి ఏ మందు ఎంత పనిచేసిందో అందులో ఉంటుంది, చికిత్సను అక్కడి నుంచి అందుకోవచ్చు.